పొగమంచు సంగతి

రొట్టెల సంచి వెనక
పెన్సిల్‌తో ఒక పెట్టె గీసింది రాన్వా:
పడవ టికెట్.

ఏఐ ఉరకలేస్తోంది.
ఊ అంటే చాలు, వెయ్యి వరుసల కోడ్ రాసి పారేస్తుంది.
ఆమె ఊ అనలేదు.

టోర్షావ్న్ రేవులో ముప్పై ఏళ్లుగా తాళ్లు విసిరే
హానుస్‌కి చూపించింది బొమ్మ.
చేతి తొడుగు విప్పకుండానే అడిగాడు:
"పొగమంచు దిగి పడవ సగం దారిలో వెనక్కొస్తే
టికెట్టు ఖర్చయినట్టా, మిగిలినట్టా?
మరి గొర్రెకి?"

గొర్రె ఊసే లేదు బొమ్మలో.

రబ్బరు అరిగింది.
బాణాలు దారులు మార్చుకున్నాయి.
నాలుగు రోజులు
తెర మీద కర్సర్ ఒక్కటే
రెప్పలు కొడుతూ కూర్చుంది.

ఐదో పొద్దున హానుస్
కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, గాలికి పట్టి,
"ఇది మునగదులే" అన్నాడు.

అప్పుడంది రాన్వా,
ఊ.