ముగ్గురికి ఒకరు

ముగ్గురు పసివాళ్ళకి ఒక మనిషి.
చట్టం కట్టిన లెక్క.
ఆ ఒక్కరూ నేనే.
పూర్తిగా కాలేదు లెండి, ఇంకా నేర్చుకుంటున్నాను.
నా జీతమూ అంతే, నడక నేర్చుకుంటోంది.
ఒకటో తారీఖున లేచి నిలబడుతుంది,
రెండడుగులేసి
ఇరవైకల్లా చతికిలబడుతుంది.

స్వాన్సీ కొండ మీంచి ఆరూ నలభై బస్సు.
ఈ నెలల్లో ఇంకా చీకటే,
సముద్రం కనపడదు, ఉప్పు వాసన వేస్తుంది.
నెల పాసయితే చవక.
కాని నెలకి సరిపడా డబ్బు
ఒకే రోజున చేతిలో ఉండాలి కదా,
అందుకని రోజూ ఖరీదు టికెట్టే కొంటాను.
లేనివాళ్ళు చేసే ఈ దుబారా గురించి
మా కోర్సు పుస్తకంలో ఒక్క ముక్కా లేదు.

ఏడున్నరకి మాక్సెన్‌ని నా చేతుల్లోకి జారవిడుస్తుంది వాళ్ళమ్మ.
వాడి మెడ దగ్గర ఇంకా పక్క వెచ్చదనం.
ఓసారి ఆఫీసు బల్లమీద కాగితం కంటబడింది:
వాడి ఒక్కరోజు ఫీజు
నా ఒక్కరోజు జీతం కన్నా ఎక్కువ.
ఆవిడేమన్నా కలిగినదా, అదీ కాదు.
ఆసుపత్రిలో రాత్రంతా దుప్పట్లు మార్చి
అటునుంచి అటే వస్తుంది.
ఆవిడ పర్సులోంచి పోయింది,
నా పర్సులోకి రాలేదు.
నడుమ ఎక్కడ ఒలికిందో ఏమో,
ఇక్కడ నేల తుడిచేది నేనే,
నాకైతే తడి కనపడలేదు.

మధ్యాహ్నం చేప, బఠానీలు, మెత్తగా మెదిపిన బంగాళాదుంప.
మిగిలింది చెత్తబుట్టకే, స్టాఫ్ ముట్టకూడదు.
గిన్నె గీకి పారబోస్తుంటే
నా కడుపు గుర్రుమంది.
ఇద్రిస్ చెంచా ఆపి
'పులి' అన్నాడు.
వాడికి వచ్చిన మాటలు పదకొండు, ఇది పన్నెండోది.
అవున్రా, పులే అన్నాను.
ముగ్గురూ పులి కోసం వెతికారు,
బల్ల కింద, వేలాడే కోట్ల వెనక,
మాబ్లి అయితే పాకుతూ వెళ్ళి నా బూటు తీసి చూసింది.
(మేజోడుకి చిల్లు. బొటనవేలిని పలకరించి మళ్ళీ మూసింది.)
చాలా మంచి ఆట అది.
పరిశీలన పత్రంలో రాశాను:
ఊహాశక్తి పెరుగుతోంది.
ఎవరిది అన్నది రాయలేదు.

ఇంటికొచ్చేసరికి గ్యాసు మీటరు ఎర్రగా మిణుకుతోంది.
కార్డు పట్టుకుని మూలకొట్టుకి దిగాలి,
ఐదు పౌండ్లకి రెండు సాయంత్రాల వేడి.
నాతో గది పంచుకునే నెరిస్ సూపర్‌మార్కెట్లో చేస్తుంది.
గంటకి నాకంటే మూడు పౌండ్లు పైన.
'మా డబ్బాలు ఏడవవు, కరవవు,
వాటి గురించి రాత్రి కూచుని వ్యాసాలు రాయక్కర్లేదు.
నువ్వు చదివేది ఎందుకే,
ఇంకా తక్కువ ఎలా సంపాదించాలో తెలుసుకోడానికా?'
నవ్వాను.
తరవాత, ఆ నవ్వు ఎంతసేపటికీ ఆరలేదు లోపల,
తడి బట్టలా వేలాడింది.

ఫోనులో వాళ్ళ దరఖాస్తు తెరిచాను.
పేరు: లౌరి ప్రోసర్. వయసు: పంతొమ్మిది.
బరువులు ఎత్తగలరా?
ఎత్తగలను, ఒక చంకన ఒకటి, రెండో చంకన ఒకటి,
మూడోది కాలు పట్టుకుని వేలాడుతుంటే కూడా.
గొడవపడే కొనుగోలుదారుని శాంతపరచగలరా?
దీనికి వాళ్ళిచ్చిన జాగా చాలలేదు.

చివరి గడి: పనిలో చేరగలిగిన తేదీ.

మాబ్లి ఇవాళ కుర్చీ వదిలేసింది.
మూడు లెక్కపెట్టేంతసేపు
దేన్నీ పట్టుకోకుండా నిలబడి
నావైపు చూసింది, నేను చూస్తున్నానా లేదా అని.
వచ్చే వారం అడుగేస్తుంది.
లేదూ ఆ పై వారం.
పిల్లలకి తారీఖులుండవు.

గడి ఖాళీగానే ఉంది.
కోటు మళ్ళీ తొడుక్కుని
చిల్లర లెక్కపెట్టుకుంటూ
మెట్లు దిగుతున్నాను.
నాలుగు పౌండ్ల డెబ్బై.
ఇంకో ముప్పై పెన్నీలు,
నెరిస్‌ని అడగాలి.