టోకెన్ నూట పద్నాలుగు

బర్కత్‌పురా పీఎఫ్ ఆఫీసు మెట్ల మీద
మూడు పేర్లనూ ఒకే ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని కూర్చున్నాను.

జీడిమెట్ల మందుల కంపెనీలో నేను ఎస్. లక్ష్మిని.
మలక్‌పేట ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్లో ఉత్త స్వరాజ్‌ని,
టైపు చేసినవాళ్లకి భోజనం వేళయిందేమో.
కొండాపూర్‌లో చేరాకే పూర్తిగా స్వరాజ్యలక్ష్మినయ్యాను,
యాభై ఒకటో ఏట, ఆధార్ సాక్షిగా.

"పాతవన్నీ కొత్తదాంట్లో కలిపేయండి మేడం,
లేదంటే తీసేసుకోండి" అన్నాడు హెచ్ఆర్ పిల్లాడు.
"ఎన్‌పీఎస్ కూడా తెరుద్దాం.
షేర్లలో ఎంత పెట్టమంటారు, యాభై శాతమా, డెబ్బై ఐదా?"
నా ధైర్యం ఎంత శాతమో
ఏ పాసుపుస్తకంలోనూ ఎక్కించి లేదు.
రేపు చెప్తానన్నాను.
ఆ రేపు అయిపోయి పది రోజులైంది.

మలక్‌పేట ఖాతా ఓటీపీ
నేనెప్పుడో వదిలేసిన నంబరుకి పోతోంది.
సిగ్గు విడిచి ఆ నంబరుకే ఫోన్ చేశాను.
ఎవరో ఉప్పుగూడ ఆటో అన్న.
"నువ్వేనా అక్కా! వారం సంది అంకెలొస్తనే ఉన్నయి.
నాయి కావని ఎరుకే. రాస్కో మరి,
నాలుగు, సున్నా, సున్నా..." వెనక హారన్లు,
"ఆగు, సిగ్నల్ పడ్డది... ఏడు, ఒకటి, తొమ్మిది."
అంతే. పదకొండేళ్ల మలక్‌పేట
మూసీ దాటి కొండాపూర్ చేరుకుంది, మీటర్ తిరగకుండానే.

చిక్కంతా జీడిమెట్లతోనే.

అప్పుడు జీతం పద్దెనిమిది వందల యాభై.
అందులో రెండొందల ఇరవై రెండు కోత.
మొదటి నెల కవరు విప్పి ఏడ్చాను,
ఆ రెండొందలకి చెప్పులొచ్చేవి.
బెల్టు మీద పక్కన నిలబడి
గ్లూకోజ్ పొట్లాలు సీలు చేసే ఖైరున్నీసా
"గుల్లక్ అనుకోవే, తాళం కంపెనీది, పైసలు మనవి" అంది.
ఆ పైసల్లో బర్కత్ ఉంటుందనీ అంది.
బర్కత్ అంటే ఏంటే అని అడిగితే
తన టిఫిన్ డబ్బాలోని ఖట్టీ దాల్ నలుగురికీ పోసి
ఇంకా అడుగున మిగిలింది చూపించింది.

ఇందాక గుమాస్తా ఆ పాత ఫారం బయటికి తీశాడు.
అంచులు బిస్కెట్‌లా విరుగుతున్నాయి.
నామినీ: ఖైరున్నీసా. సంబంధం: తోటిది.
నా చేతిరాతే.
అమ్మానాన్న లేరు, పెళ్లి లేదు,
ఆ గడిలో వేరే ఏం రాయాలో తెలియని పిల్ల రాసింది.
"తోటిది అంటే చెల్లెలా?" అడిగాడాయన.
"పక్కన నిలబడేది" అన్నాను.
ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, దుమ్ముకే లెండి.
"బదిలీ చేస్తే ఈ నామినేషన్ పోతుందమ్మా,
కొత్త ఖాతాలో ఉన్నదే లెక్క.
జిరాక్స్ తీయించుకొచ్చి, కాస్త ఆలోచించుకో."

కొత్త ఖాతాలో ఆ గడి ఖాళీ.
తర్వాత నింపండి అని ఎర్రక్షరాలు
రెండేళ్లుగా మెరుస్తూనే ఉన్నాయి.

కంపెనీ మూసేసిన రోజు సుచిత్ర బస్టాపులో
ఖైరూ ఎక్కిన బస్సు నంబరు మాత్రం గుర్తుంది.
బీదర్‌లో ఉందని ఒకరు, లేదు బోరబండలోనే అని ఇంకొకరు.

జిరాక్స్ రెండు రూపాయలు. రెండు కాపీలు తీయించాను.
ఒకటి వాళ్లకి.
గుల్లక్ పగలగొట్టను, జరుపుతాను,
ఆ ముప్పై ఒక్క వేలూ వచ్చి
నాతో కొండాపూర్‌లో కూర్చోనీ.
గడి సంగతి ఆదివారం చూద్దాం, ముందు బోరబండ.

"టోకెన్ నూట పద్నాలుగు! ఎస్. లక్ష్మీ!"
నా పక్కనున్నావిడ
మిమ్మల్నేనా అన్నట్టు చూసింది.
ఇరవై ఏళ్లయింది ఆ పేరుకి పలికి.
"ఆఁ," అన్నాను,
"ఉన్నాను."