ఆలవర్తి వారు

తార్నాకలో, మిద్దె మీది మూడో గదిలో
పాత పుస్తకాలకు కుట్లు వేయడం నా పని.
మైదాపిండిలో మైలుతుత్తం కలిపి కాచిన జిగురు,
ఉల్లిపొరలాంటి కాగితం, దబ్బనం, దారం.
చదవడం నా పని కాదు.
కానీ జిగురు ఆరేదాకా కళ్ళనేం చెయ్యను?

ఈ వారం బల్ల మీదికొచ్చింది
హాల్వర్తీ బారొనెట్ల వంశచరిత్ర.
ఎర్ర తోలు అట్ట. వెన్ను విరిగింది.
బారొనెట్ అంటే రాజు కాదు, జాగీర్దారూ కాదు.
ఎప్పుడో ఒక ముత్తాత డబ్బు కట్టి తెచ్చుకున్న ‘సర్’,
తండ్రి పోయిన పూటే
పెద్దకొడుకు తొడుక్కునే ‘సర్’.

మొదటి సర్ ఎడ్మండ్ ఉన్ని వ్యాపారి.
రెండో సర్ ఎడ్మండ్. మూడో సర్ ఎడ్మండ్.
మనమూ తాత పేరు మనవడికి పెడతాం గానీ
నడుమ ఒక తరాన్ని ఊపిరి తీసుకోనిస్తాం.
ఆడపిల్లకు ఒక చిన్న గీత,
గీత చివర ఇంకెవరిదో ఇంటిపేరు.
వృక్షమంటారు, అదీ తలకిందులుగా:
వేరు పైన, కాయలు కింద.

నూట పన్నెండో పేజీలో మన ఊరు.
“అగస్టస్, మూడవ సర్ ఎడ్మండ్ ద్వితీయ పుత్రుడు,
పటాలంలో కెప్టెన్,
1847లో, దక్కను బొల్లారంలో,
సంతానము లేకుండా మరణించెను.”

వెండిపురుగులకు ఈ పేజీ పెళ్ళి విందు.
డాలు మీది సింహం తల తిన్నాయి,
లాటిన్ సూక్తిలో సగం తిన్నాయి,
అగస్టస్ పుట్టిన తేదీ తిన్నాయి.
‘లేకుండా’ జోలికి మాత్రం పోలేదు.
వాటికీ సయించలేదేమో ఆ మాట.

ఎందుకంటే పోయిన చలికాలం
ఇదే బల్ల మీద, ఇదే దీపం కింద
బొల్లారం ఖజానా చిట్టా కుట్టాను.
“కెప్టెన్ హాల్వర్తీ సొమ్ములోంచి
నాంచారమ్మకు, నెలకు పన్నెండు రూపాయలు,
ఇద్దరు పిల్లల పాలకూ బట్టకూ.”
పక్కన ఆమె నిశానీ:
సిరాలో ముంచి అద్దిన గాజు.
పదకొండు నెలలు, పదకొండు గాజులు.
తర్వాత ఉత్త గీతలు.

తాళి లేదు. చర్చి దఫ్తరులో పేరు లేదు.
కాబట్టి పుస్తకం అబద్ధమాడలేదు,
చట్టం ఎలా పలకమంటే అలా పలికింది.
చివరి పేజీలో ఆరో సర్ ఎడ్మండ్
మగబిడ్డ లేక పోయాడు, బిరుదూ ఆయనతోనే పోయింది.
ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లు గబ్బిలాల కంపు అంటారు మనవాళ్ళు.
వీళ్ళకు కంపు కొట్టడానికి ఇల్లు కూడా మిగల్లేదు.

మంగళవారం ఒకావిడ వచ్చింది,
లాలాగూడ రైలు కార్ఖానాలో
తాత చేసిన నౌకరీ కాగితం కావాలని.
రిజిస్టరులో సంతకం: ఆలవర్తి ఫిలోమిన.
“గుంటూరు దిక్కు పేరా అమ్మా?” అన్నాను.
“ఏమో సారూ, అందరు గట్లనే అంటరు.
మా తాతకు పిల్లికండ్లుండె.
మాకెవ్వరికి రాలే,
మా చిన్నోడికొక్కడికే వచ్చినయ్.”
చేతికి రెండు మట్టిగాజులు.

నోటిదాకా వచ్చింది.
ఏమని చెప్పను?
నీకు రావలసిందేమీ లేదనా?
ఇవ్వాల్సినవాళ్ళే లేరనా?
“జల్దీ అయితదా సారూ,
ఒంటిగంట బస్సు పోతే మల్ల మూడుకే” అంది.

ఆమె వెళ్ళాక ఆ పేజీకి అతుకు వేశాను.
సింహం తల చోట తెల్లకాగితం.
మా పనికి ఒకటే నియమం:
పోయిన అక్షరం మేం రాయకూడదు,
ఉన్న అక్షరం చెరపకూడదు.
అగస్టస్ పేరు మీద అరచెయ్యి ఆనించి
కాసేపు అలాగే ఉంచాను.
జిగురు పట్టడానికి అంతసేపు అక్కర్లేదు.