పెన్సిలు ముద్ర

రాయగడ స్టేషను వెనక వీధిలో
తెల్ల వేగనార్ చూపించాడు అక్షయ సాబత్.
"ముప్పై ఎనిమిది వేలే తిరిగింది, చూస్కోండి" అన్నాడు
ఒడియా యాస తెలుగులో,
మీటరు మీది దుమ్ము తన రుమాలుతోనే తుడిచి.

నేను కాటాలు బాగుచేసేవాణ్ణి.
గుముడ, పద్మపూర్, మునిగుడ సంతల్లో
చింతపండు తూచే ముల్లు గింజంత వంగినా
నా కన్ను అక్కడే ఆగిపోద్ది.
మీటరు మాట మీటరుది.
క్లచ్ పెడల్ రబ్బరు అరిగి, ఇనుము బయటపడి
వేరే లెక్క చెబుతోంది.

బానెట్ ఎత్తించాను.
చాసిస్ నంబరు మీద పల్చటి కాగితం పరిచి
పెన్సిలు పడుకోబెట్టి రుద్దాను.
నల్లదనంలోంచి తెల్లగా
ఒక్కో అంకె లేచి కూర్చుంది.
ఆర్సీతో అంకెలు కలిశాయి,
మనిషే కలవలేదు.

సనపల దండాసి, గుణుపూర్, మొదటి ఓనరు.
"మరి మీరెవరు?"
సాబత్ నవ్వాడు.
"నేను పద్మనాభ్ దగ్గర కొన్నాను,
అతను జయపురం డ్రైవరు దగ్గర,
ఆ డ్రైవరు ఇంకెవరి దగ్గరో.
సంతకాలున్నాయి కదా!"
చేతిలో పెట్టాడు ఫారాలు.
కింద దండాసి సంతకం, వణికిన గీత.
పైనన్నీ ఖాళీ గళ్ళు. తేదీ కూడా లేదు.
ఎన్ని సొరుగుల్లో మగ్గాయో, కలరా ఉండల వాసన.

అడ్వాన్సు జేబులోనే ఉంచుకుని
గుణుపూర్ బస్సెక్కాను.

"ఆయన పోయి మూడేళ్ళయింది బాబూ"
అంది పుణ్యవతి, చేటలో రాగులు కదుపుతూ.
"విశాఖ ఆసుపత్రికి డబ్బులు కావాలని
మంచం మీదే సంతకాలెట్టి బండి ఇచ్చేసినాడు."
బండి ఇంకా ఆయన పేరునే ఉందంటే
ఏమీ ఆశ్చర్యపోలేదు.
లోపలికెళ్ళి ఒక ఫోను తెచ్చింది.
బటన్ల మీద అంకెలు చెరిగిపోయిన ఫోను,
నెలనెలా రీచార్జి చేయిస్తున్న ఫోను.

లక్ష్మీపూర్ ఘాటీలో అతివేగం.
జయపురంలో బెల్టు పెట్టుకోలేదు.
కొరాపుట్‌లో నిలపకూడని చోట నిలిపాడు.
అన్నీ దండాసి పేరునే, జరిమానాలతో సహా.
పక్కింటి గుంట చదివిపెడితే
కట్టలేక, చెరపలేక దాచుకుంది.

"బతికినన్నాళ్ళూ రాయగడ దాటి ఎల్లలేదు బాబూ.
ఇప్పుడు చూడు, ఎక్కడెక్కడ తిరుగుతన్నాడో!"

"బండి నా పేరుకి మారితే
ఇవన్నీ నా ఫోనుకొస్తాయమ్మా, మీకీ బాధ ఉండదు"
అన్నాను. మంచి మాటే అనుకున్నాను.
ఆవిడ కొంగుతో ఫోను తుడిచింది.
తుడిచిందే తుడిచింది.
"అయితే ఇంక రావన్నమాట."

నా దగ్గరున్న ఏ రాయితోనూ
తూచలేని మాట అది.

చచ్చినోడు బండి అమ్మలేడన్నాడు
ఆర్టీవో ఆఫీసు గుమాస్తా.
ముందు భార్య పేరు, ఆ తర్వాతే మీది.
మరణ పత్రం, వారసుల సంతకాలు,
జరిమానాలు పదకొండు వేల చిల్లర.
ఆ చిల్లర బేరంలో కోయించేసరికి
సాబత్ నాలుగుసార్లు దేవుడి మీద ఒట్టేశాడు,
ఐదోసారి ఒప్పుకున్నాడు.
కాగితంలో ఎక్కడా లేని పద్మనాభ్,
ఆ డ్రైవరు, ఆ "ఇంకెవరో"
ఏ జరిమానా లేకుండా దిగిపోయారు.

కొత్త ఆర్సీ పుణ్యవతి పేరున వచ్చింది.
నా పేరు ఎక్కేదాకా
పందొమ్మిది రోజులు ఆ కారు ఆవిడది.
అందులో ఒక రోజు ఫోను చేసింది,
దండాసి నంబరు నుంచే.
"ఆ ఘాటీ ఒకసారి చూపిస్తావా?"

ముందు సీట్లో కూర్చుంది.
బెల్టు పెట్టుకోమన్నాను.
"ఆయన పెట్టుకోలేదంట కదా" అంది,
అని, పెట్టుకుంది.

లక్ష్మీపూర్ మలుపులో
కెమెరా స్తంభం కనబడగానే
వేలు చూపించి ఇదేనమ్మా అన్నాను.
తల బయటపెట్టి, పైకి చూసింది
ఫొటో తీయించుకునేదానిలా.

బండి ముప్పై మీదే ఉంది.