నాలుగో రోజు

నాలుగో రోజు: పొద్దున మనవాళ్ళ చేతి పొంగలి,
తొమ్మిదింటికి బస్సు.

ఎగ్మోరులో రెండో అంతస్తు,
కిటికీకి ఏసీ వీపు అడ్డం.
అక్కడ కూచుని నేను దీవులు రాస్తాను.
ఉత్తరాన, ఇంకా ఉత్తరాన,
భూగోళం జుట్టుముడి దగ్గర
నార్వే వాళ్ళ లోఫోటెన్.
చూడని కొండని "కన్నులపండుగ" అన్నాను,
రెండో కొండని "నయనానందకరం" అన్నాను,
మూడోదానికి మాట దొరక్క
మళ్ళీ కన్నులపండుగే.

అక్కడ ఒక ఊరి పేరు ఒకటే అక్షరం.
మనం "ఓ" అన్నట్టు అంటే చాలట.
వాళ్ళ అక్షరమాలలో ఆఖరిది.
రోడ్డు కూడా అక్కడితో ఆఖరు.
"ఓ: ఫొటోలకు ఇరవై నిమిషాలు" అని కొట్టాను.

తర్వాత ఎర్ర చెక్క గదులు,
నీళ్ళలో కాళ్ళు దిగేసుకుని.
ఒకప్పుడు చలికాలపు జాలరులు పడుకున్నవి,
ఇప్పుడు రాత్రికి ఇరవై వేలు.
తర్వాత వైకింగు దొర పొడవాటి ఇల్లు,
తవ్వకాల్లో దొరికిన కొలతలతో మళ్ళీ కట్టినది.
తర్వాత చేపల దండేలు.

మేనేజరు రఘోత్తమన్ నా భుజం మీంచి చదివాడు.
"ఇరవై రెండు మంది, అందరూ శాకాహారులు.
చేపలు అనకు.
'సంప్రదాయ కొయ్య నిర్మాణాలు' అను."

సాయంత్రం కాసిమేడులో బస్సు దిగాను.
చెంగమ్మత్త గోనెపట్టా మీద
నెత్తళ్ళు తిరగేస్తోంది,
పొద్దు పోకముందే ఇంకొక్క వైపు.
పక్కనే గోడకి కొత్త బోర్డు:
ఇక్కడ కరవాడు ఎండబెట్టరాదు.
ఆ బోర్డు నీడ పడని చోటు చూసి పరిచింది.

ఫోను చూపించాను.
కొండంత కొయ్య పందిళ్ళు,
తోకలు జతలు కట్టి వేలేసిన చేపలు,
తలలు వేరే దండెం,
వెనక మంచు.

"ఉప్పెయ్యరా?"
వెయ్యరత్తా. చలిగాలే ఎండబెడుతుంది.
"ఎన్నాళ్ళు?"
మూడు నెలలు.
"మూడు నెల్లా! కాకుల్ని ఎవరు తోలతారు?"
బొమ్మ పెద్దది చేసి చూశాను. కాకుల సంగతి
నా కాగితాల్లో ఎక్కడా లేదు.

మే నెలాఖరు నించీ అక్కడ పొద్దు మునగదని చెప్పాను.
అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడ్డానికే
ఇక్కణ్ణించి మనుషులు పోతారని.
చెంగమ్మత్త ఆలోచించింది.
"రాత్రే లేకపోతే
పిల్లి ఎప్పుడొస్తది మే?"

నవ్వాను. తను నవ్వలేదు.
చెయ్యి చీరకి తుడుచుకోకుండానే
ఫోను లాక్కుంది.
ఒక బొమ్మ, ఇంకొక బొమ్మ, ఇంకొకటి.
కొండలు, పందిళ్ళు, ఎర్ర ఇళ్ళు, పడవలు.
"మనుషులేరీ?
ఇన్ని చేపలు గాలికొదిలేసి
యాడికి పోయినారు వీళ్ళంతా?"

ఏం చెప్పను.
ఫొటో తీసేవాడు ఆగి ఉంటాడు
ఆ ఆడమనిషి గంప ఎత్తుకుని
పక్కకి జరిగేదాకా.
లేదా ఆమె కూడా ఒక బోర్డు చదువుతూ ఉందేమో
మనకి కనపడని పక్క.

రేవులోంచి ఎవరో ఆమెని పిలిచారు.
"ఓ..." అంది, తల తిప్పకుండా.
పేరు లేదు, మాట లేదు,
గాలికి ఎదురుగా ఒకటే అక్షరం.
అటునించీ అదే వచ్చింది.

ఇంటికొచ్చి చూస్తే
తెర మీద మంచుకొండ కొసన
నెత్తళ్ళ పొలుసు ఒకటి అంటుకుని ఉంది,
ట్యూబులైటుకి మెరుస్తూ.
ఇంట్లో అందరూ పడుకున్నారు.
అది ఇంకా మునగలేదు.

మర్నాడు నాలుగో రోజు తెరిచి
కొయ్య నిర్మాణాలు కొట్టేశాను.
చేపల దండేలు, అని రాశాను.
వాసన వస్తుంది. రానివ్వండి.
అక్కడెవరైనా ఆడమనిషి కనిపిస్తే
కాకుల్ని ఎవరు తోలతారో అడగండి,
చెన్నపట్నంలో ఒకామె అడగమంది.

రఘోత్తమన్ ఇంకా చదవలేదు.
మధ్యాహ్నం వస్తాడు.