నేల గంటలు

రేణిగుంటలో ఇవాళ మబ్బు బాగా కిందికి దిగింది.
విమానం రేకుల షెడ్డులోనే ఉంది, ముక్కుకు గుడ్డ కట్టుకుని.
బల్ల మీద లాగ్‌బుక్కు తెరిచాను.
తేదీ. పాఠం. కాలం. చెప్పినవాడి సంతకం.
నాలుగు గళ్లు; మూడు తేలిక.

పాఠం: కొండ దాటిన గాలి.
బోర్డు మీద గీసింది చాలక
లావుపాటి మాన్యువల్ నిలబెట్టి శేషాచలం అన్నాను,
టీ గ్లాసు ఆవిరిని దాని మీదికి ఊదాను.
అవతలికి పోయిన ఆవిరి తిన్నగా పోలేదు,
సుడి తిరిగి కిందికి పడింది.
"ఇక్కడ నువ్వుంటే?"
హంసవేణి గ్లాసు వంకే చూస్తూ ఉండిపోయింది,
జంక్షన్‌లో ఒక గూడ్సు బండి
పెట్టె పెట్టెగా కదిలి పోయేంత సేపు.

వాళ్ల నాయన పుత్తూరులో కట్టు కడతాడు.
పోయిన వారం ఫీజు ఇవ్వడానికి వచ్చి
ఈ పుస్తకం అటూ ఇటూ తిప్పినాడు:
"బిడ్డ నేల మీదనే ఉండాది కద సార్,
ఈ గంటలు రాసేది ఏంటికి?"
ఎన్ని వేల చేతులు అతికించాడో
ఆయన ఎక్కడా రాసుకోలేదు.
వేళ్లతో తడిమి, గుడ్డు సొన పూసి, బద్ద పెట్టి చుట్టి
"పదో దినం రా" అంటాడు. అంతే.
ఎముకే ఆయన రిజిస్టరు.

నాకు ఎముక అందదు.
తల లోపల అతుక్కుందో లేదో
పైనుంచి తడిమితే తెలియదు.
రాస్తాను, అందుకే.
నేను పక్క సీట్లో లేని ఏదో ఒక రోజు
ఎవరో ఈ పుట తీసి, ఈ వరుస మీద వేలు పెట్టి
అడగొచ్చు: ఈ సంగతి ఈ పిల్లకు చెప్పారా? ఎవరు?

కాలం గడిలో ఒకటిన్నర అని రాశాను.
"ఒకటీ పావు, సార్.
నడుమ మీ మోకాలి నొప్పి గురించి మాట్లాడినాం,
నాయన కాడికి రమ్మంటిని కద."
కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టి, దిద్దాను.
చెప్పానంటే చెప్పినట్టే; కాగితానికి అది చాలు.
పెన్ను నాలుగో గడి దాకా వచ్చింది.

"ఇంకోటి సార్.
ఆవిరి పడింది చూసినా.
ఎందుకు పడిందో మాత్రం తెలీలే."

పెన్నుకు మూత పెట్టాను.
గ్లాసులో టీ ఎప్పుడో చల్లారింది.
కిటికీలోంచి క్యాంటీన్ చెంగల్రాయుణ్ణి కేకేశాను,
ఇంకో గ్లాసు పట్టుకు రమ్మని,
పొగలు కక్కేది.