మూడు సాంపిళ్లు

విశాఖ నుంచి పాసింజరులో వచ్చాయి
గోనెలో చుట్టిన మూడు నిలువు గొడుగులు.
రాయగడ పార్సిల్ ఆఫీసులో సంతకం పెట్టి
భుజాన వేసుకుని నడుస్తుంటే
తుపాకులనుకుంది కాబోలు టీకొట్టు కుక్క,
ఫ్యాక్టరీ గేటు దాకా మొరుగుతూనే ఉంది.

రథయాత్రకి ముందే పంచాలట.
రెండు వందల పది పేర్ల జాబితా:
డీలర్లు, లారీ ఓనర్లు, బ్యాంకు మేనేజర్లు,
కటక్‌లో ఆడిటరు, ఆయన తమ్ముడు.
పోయినేడు పంచిన గోడగడియారాలు
రెండు వందల పది రకాల టైము చెబుతున్నాయి,
అందుకని ఈసారి గొడుగులు.
పంతొమ్మిదేళ్లుగా బోల్టులూ బేరింగులూ ఏరినవాణ్ణి,
"పొట్నూరు బాబూ, మీరే చూసి చెప్పండి"
అన్నారు పట్నాయక్ గారు.

మడత గొడుగైతే సంచిలో దూరుతుంది సార్,
మన పేరు చీకట్లో పడుకుంటుంది.
నిలువుదైతే గుమ్మం పక్కన నిలబడుతుంది,
వచ్చేపోయేవాడు చదువుతాడు
అని చెప్పాను. నిజమే చెప్పాను.
చెప్పనిది ఇంకోటుంది:
నిలువు గొడుగంటే మోకాళ్ల నొప్పికి కర్ర,
కుక్కకి భయం,
పక్కింటి జామకొమ్మకి కొక్కెం.
మడత గొడుగు
వానకి మాత్రమే గొడుగు.

మొదటిది ఎనిమిది ఊచలు, ఉక్కు.
రెండోది పదహారు, ఫైబరు.
మూడోదానికి వెదురు పిడి, నీలం గుడ్డ,
దాని మీద కంపెనీ పేరు ఒడియాలో
ఒక అక్షరం తప్పు.
నాకు తెలియలేదు.
ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, జీతం చీటీ ఇంగ్లీషు,
మూడు లిపులవాడికి మూడింట్లోనూ అనుమానమే.
పట్టుకున్నది పట్నాయక్ గారు.
"అయ్యో, ఇది మన పేరు కాదు, ఇంకేదో అయిపోయింది"
అని నవ్వి నవ్వి కళ్లద్దాలు తుడుచుకున్నారు.
ఆ ఇంకేదో ఏమిటో
చెప్పలేదు.

ఆదివారం మూడూ పట్టుకుని
చెకాగుడ వేలాడే వంతెన మీదికి వెళ్లాను.
కింద నాగావళి ఎర్రమట్టి కలిపిన నీళ్లు.
ఒక్కొక్కటే గాలికెదురు పట్టాను.
ఉక్కుది తిరగబడి గరాటా అయింది.
పదహారు ఊచలది నన్ను
రెండడుగులు లాక్కుపోయింది.
తప్పుపేరుది
వణికింది, ఒరిగింది, ఆగింది.
సెల్ఫీకొచ్చిన పిల్లలు నన్నే ఫొటో తీసుకున్నారు.

సోమవారం పదిన్నరకే వాన.
మా కిటికీకెదురుగా లారీల కాటా,
ఎరువుబస్తా ప్లాస్టిక్ నెత్తిన కప్పుకుని
సునామణి కడ్రక నెంబర్లు రాస్తోంది,
కాగితం తడవకుండా, తను తడుస్తూ.
జాబితా మళ్లీ తీశాను.
మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా
వేలుపెట్టి వెతికాను
వానలో నిలబడే ఉద్యోగం ఒక్కరికైనా ఉందేమోనని.
ఆడిటరు తమ్ముడికి
కనీసం ఒక కుక్కైనా ఉందేమో.

రిజిస్టరులో రాశాను:
సాంపిలు మూడు. ముద్రణ లోపం.
వాపసు పంపితే రవాణా ఖర్చు దండగ.
పంతొమ్మిదేళ్లలో నేను రాసిన
అతి చిన్న వాక్యం, అతి పెద్ద సంతకం.

కాటా దగ్గరికి వెళ్లి ఇచ్చాను.
విప్పింది. చుట్టూ తిప్పి చదివింది.
అచ్చం పట్నాయక్ గారి నవ్వే,
తూకానికొచ్చిన డ్రైవరు కూడా దిగి చదివి
స్టీరింగు పట్టుకుని నవ్వాడు.
ఏమిటని అడిగితే
"మీకెందుకు బాబూ" అంది.

రెండు వందల పదీ సరైన అక్షరాలతో వచ్చాయి,
ఫైబరువి, ఊచలు పదహారు.
ఎవరింట ఏ మూల నిలబడ్డాయో కబురు లేదు.
ఆడిటరు మాత్రం, గడియారాలే బాగున్నాయన్నారట.

షిఫ్టు వదిలే వేళకి
నీలం గొడుగొకటి గేటు దాటి
బజారు గుండా మజ్జిగౌరి గుడి దారి పడుతుంది.
పండ్ల బండివాడు చదువుతాడు, నవ్వుతాడు.
ఆటోవాడు పక్కవాడికి చూపిస్తాడు.
ఊరు మా పేరు చదువుతోంది, రోజూ, తప్పుగా.

నేను నాలుగడుగులు వెనక నడుస్తూ
కూడబలుక్కుంటున్నాను.
రెండో అక్షరం దాకా వచ్చాను,
గొడుగు తిరిగిపోయింది.